వారంటీ వద్దని చెప్పింది నేనే

మొన్నటిదాకా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు చెప్పలేదు. మసీదులో నా పక్కన నిలబడేవాళ్లకు చెప్పలేదు. చెప్పవలసిన మనిషి ఏడాదికి రెండుసార్లు నా ముందు కూర్చుని చాయ్ తాగి పోయేవాడు, అతనికీ చెప్పలేదు. ఇన్నేళ్లూ మోశాను. మోయడమంటే ఏదో పెద్ద మాట అనుకోకండి. పొద్దున లేస్తాను, షెడ్డు తెరుస్తాను, బండి కింద దూరుతాను. పానా తిప్పుతూ తిప్పుతూ ఉండగా అది వచ్చి గుండె మీద కూర్చుంటుంది. కాసేపు కూర్చుని పోతుంది. మళ్లీ వస్తుంది. నాకిక ఓపిక లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కొంచెం తేలిక.

గద్వాలలో అయిజ రోడ్డు మీద నాకొక షెడ్డు ఉంది. డీజిల్ బండ్లు బాగు చేస్తాను. పేరు అక్కర్లేదు. అందరూ భాయ్ అంటారు, అది చాలు.

మా వైపు బండి కొనేవాడు ముందు షోరూంకు పోడు. ముందు మెకానిక్ దగ్గరికి వస్తాడు. రంగు తప్ప మిగతావన్నీ మెకానిక్‌నే అడుగుతాడు. కొనే రోజు మెకానిక్‌ను వెంట తీసుకుపోతారు, సంబంధం మాట్లాడటానికి పెద్దమనిషిని తీసుకుపోయినట్టు. మేము సీట్లో కూర్చుని ఇంజన్ చాలూ చేసి, చెవి పెట్టి విని, తలూపాలి. అప్పుడే కొబ్బరికాయ కొడతారు. కొత్త బండిలో విని కనిపెట్టేది ఏముంటుంది? ఏమీ ఉండదు. అయినా వింటాం. అయినా తలూపుతాం. ఆ తర్వాత హోటల్లో బిర్యానీ పెట్టిస్తారు. అప్పట్లో అది నాకు ఎంత గర్వమో. నలుగురిలో నా మాటకు విలువ ఉందని. ఇప్పుడు ఎవరైనా షోరూంకు రమ్మంటే ఒంట్లో బాగాలేదని చెబుతాను.

నేను చెప్పాలనుకున్నది ఏసేపు గురించి. అతనిది ఇటిక్యాల దగ్గర ఒక ఊరు. పెళ్లయిన నాటి నుంచి అతనూ భార్య మరియమ్మా పుణె, ముంబై, ఎక్కడ పని ఉంటే అక్కడికి పోయి కాంక్రీటు మోసినవాళ్లు. ఊళ్లో అడ్వాన్సులిచ్చి కూలీలను జట్టు కట్టి తీసుకుపోయే గుంపు మేస్త్రీ ఎటు తోలితే అటు. వాళ్ల కూతురు పుట్టింది కూడా సైటు మీద రేకుల గుడిసెలోనే. ఆ ఇద్దరికీ ఒకటే కోరిక ఉండేది. ఇక ఊరు విడిచి పోకూడదు. ఏసేపు సైట్ల మీదే డ్రైవింగ్ నేర్చుకున్నాడు. నాలుగు చక్రాల చిన్న ట్రాలీ ఒకటి తీసుకుంటే ఊళ్లోనే బతుకు వెళ్లిపోతుందని లెక్క వేసుకున్నాడు. అది తప్పు లెక్క కాదు. మా దగ్గర సీడు పత్తి పండిస్తారు. పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దాలి, క్రాసింగ్ అంటాం. ఆ నెలల్లో ఊళ్ల నుంచి ఆడకూలీలను పొద్దున్నే పొలాలకు చేర్చే బండ్లకు దొరికినంత పని. మిగతా రోజుల్లో అయిజ మార్కెట్‌కు మిరప, పల్లికాయ తోలుకోవచ్చు.

అతను నా దగ్గరికి వచ్చిన రోజు నా షెడ్డులో అదే కంపెనీ, అదే రకం బండ్లు రెండు విప్పి ఉన్నాయి. ఒకటి అయిజది. ఇంకొకటి బిజినేపల్లి నుంచి తాడు కట్టి లాక్కొచ్చింది. రెండింటికీ ఒకటే జబ్బు. మూడో ఏడు రాగానే డీజిల్ పంపు లోపల అరిగిపోయి, ఆ ఇనుప రజను నాజిళ్లలోకి పోయి, మొత్తం సరంజామా పాడైపోతోంది. అది చిన్న ఖర్చు కాదు. బండి మీద అప్పున్నవాడికి నడుం విరిగే ఖర్చు. కంపెనీ ఉత్తగా ఇచ్చే వారంటీ రెండేళ్లే. జబ్బు వచ్చేది మూడో ఏట.

ఏసేపు గేటు దాటి లోపలికి వస్తూ కనిపించాడు. నేను బల్ల మీద విప్పి పెట్టిన పంపు మీద గోనెసంచి కప్పాను.

ఎందుకు కప్పాను? ఇన్నేళ్లుగా ఈ ఒక్క ప్రశ్న దగ్గరే తిరుగుతున్నాను. అప్పటికి అతను ఏ బండి కొంటాడో నాకు తెలుసు, ఫోన్లో చెప్పాడు. షోరూం వాళ్లు అతనికి బుకింగ్ కూడా చేసేశారు. నేను ఆ పంపు చూపించి ఉంటే ఇంకో బండి చూసుకునేవాడేమో. లేదా భయపడి వచ్చిన దారినే పోయేవాడేమో. నాకు అతను కొనాలి. కొని, ఆ బండి నా దగ్గరికి రావాలి. చెయ్యి తనంతట తానే గోనెసంచి మీదికి పోయిందని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. చేతులు తమంతట తాము ఏమీ చేయవు. ముప్పై రకాల పానాలు పట్టిన చేతులు నావి, వాటి సంగతి నాకు తెలియదా?

నా షెడ్డు పరిస్థితి కూడా చెప్పాలి. సాకు కోసం కాదు, ఉన్నది ఉన్నట్టు. ఆ మధ్యనే పక్క షట్టర్ కూడా కిరాయికి తీసుకున్నాను. తీసుకున్నాక పని తగ్గింది. కొత్త బండ్లన్నీ షోరూం సర్వీసుకే పోతున్నాయి. నా దగ్గరికి వచ్చేవి ముసలి బండ్లు, వాళ్లు వద్దని తోసేసినవి. ఏసేపు బండి నా దగ్గరికి వస్తే, అతని ఊరి బండ్లన్నీ వస్తాయి. పెద్ద మనసు, చిన్న మనసు అంటారే. ఆ రోజు నా మనసు ఎంత చిన్నదైందో నాకు మాత్రమే తెలుసు.

వనపర్తి షోరూంకు ముగ్గురం పోయాం. ఏసేపు, మరియమ్మ, నేను. కొబ్బరికాయకు బదులు వాళ్ల పాస్టరు గారు మరుసటి ఆదివారం ఊళ్లో ప్రార్థన చేస్తారన్నారు. తెచ్చిన డబ్బు మరియమ్మ దగ్గర ఉంది, కొంగులో మూట కట్టుకుని పొట్టకు ఆనించి పట్టుకుంది. నేను సీట్లో కూర్చుని, ఇంజన్ చాలూ చేసి, విన్నాను. తలూపాను. బల్ల దగ్గర ఒక అమ్మాయి కూర్చుని కాగితాలు చేస్తోంది. చిన్న పిల్ల, మంచిగా మాట్లాడుతోంది. కొంచెం ఎక్కువ కడితే వారంటీ ఇంకో రెండేళ్లు పొడిగిస్తామని చెప్పింది.

"నాలుగేండ్ల దాకా పంపు, నాజిళ్లు, గేర్ బాక్సు అన్నీ కంపెనీయే చూసుకుంటది సార్. సర్వీసు మాత్రం టైముకు మా దగ్గరనే చేపియ్యాలె."

పంపు అన్న మాట ఆమె నోటి నుంచి వచ్చింది. నా చెవికి మాత్రం 'మా దగ్గరనే' అన్నదే అంటుకుంది.

ఏసేపు నా వైపు తిరిగాడు. "ఏం చేద్దాం భాయ్? కడితే మంచిదంటుంది మేడం. పైసలైతే ఉన్నయ్."

"దండుగ," అన్నాను. "గివన్నీ కమీషన్ ముచ్చట్లు. బిజినేపల్లి ఆయన కట్టిండు, ఏమొచ్చింది? పత్తి ఏరే దినాలల్ల ఒక్క సర్వీసు బయట చేపిచ్చిండని ఎల్లగొట్టిన్రు. ఇప్పుడు నా షెడ్డుల ఉంది ఆయన బండి."

"నిజమేనా?"

"నేనెందుకు అబద్ధం చెప్త? గా పైసలు ఇంట్ల పెట్టుకో, పనికొస్తయ్. బండికి ఏమన్నయితే నేను లేనా?"

ఏసేపు మొహం విప్పారింది. ఆ అమ్మాయితో, "వద్దు మేడం. మాకు మా భాయ్ ఉన్నడు," అన్నాడు. మరియమ్మ కొంగు ముడి మళ్లీ బిగించుకుంది. ఆ అమ్మాయి నా వైపు ఒకసారి చూసి కాగితం తిప్పేసింది.

చూశారా, నేను చెప్పిన దాంట్లో అబద్ధం ఎక్కడుంది? బిజినేపల్లి ఆయన కట్టింది నిజం. వాళ్లు ఇవ్వనన్నది నిజం. అతని బండి నా షెడ్డులో ఉన్నది నిజం. ఆ బండి ఏ జబ్బుతో వచ్చిందో మాత్రం నేను నమిలి మింగాను. సర్వీసు తప్పకపోతే ఆయన పంపు ఉచితంగా వచ్చేదని కూడా మింగాను. మామూలు అబద్ధమైతే ఎప్పుడో బయటపడేది. ఇది ఏ వైపు నుంచి చూసినా నిజంలాగే కనిపించింది, అందుకే ఇంతకాలం దాక్కుంది.

ఇంకో మాట. అడిగినవాళ్లకు నేను ఇప్పటికీ చాలాసార్లు ఆ పొడిగింపు వద్దనే చెబుతాను. పండక్కీ పబ్బానికీ కారు బయటికి తీసే ఉద్యోగస్థుడికి అది దండుగే. కాగితం చదవనివాడికి దండుగ. సర్వీసుకు అంత దూరం టైముకు పోలేనివాడికీ దండుగే, వాళ్లు ఏదో ఒక వంక పెట్టి పంపించేస్తారు. కానీ అప్పు మీద బండి తీసుకుని, అది తిరిగిన రోజే పొయ్యి వెలిగే మనిషికి, మూడో ఏట ఏది పోతుందో ముందే తెలిసినప్పుడు? అప్పుడు కట్టాలి. కళ్లు మూసుకుని కట్టాలి. ఆ షోరూంలో ఆ సంగతి తెలిసినవాడిని నేనొక్కణ్ణే. నన్నే అడిగారు.

రెండేళ్లు బాగా నడిచింది. ఆ రెండేళ్లు ఏసేపు మొహం చూస్తే నాకు ఏమీ గుర్తొచ్చేది కాదు. సర్వీసుకు నా దగ్గరికే వచ్చేవాడు, అతన్ని చూసి వాళ్ల ఊరి వాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చారు. నేను అనుకున్నట్టే అయింది. పంపు పోదేమో అనుకున్నాను. అన్ని బండ్లకూ పోవాలని ఏముంది? డీజిల్ మంచిది పోయించుకో, ట్యాంకు అడుగంటనీయకు అని ప్రతిసారీ చెప్పేవాణ్ణి. మంచి మెకానిక్‌నని అతను మురిసిపోయేవాడు.

మూడో ఏడు, సరిగ్గా క్రాసింగ్ నడుస్తున్న రోజుల్లో, ఇటిక్యాల రోడ్డు మీద బండి ఆగిపోయింది. వెనకాల నిండుగా ఆడకూలీలు. వాళ్లు దిగి పొలాలకు నడిచి పోయారట. ఏసేపు ఫోన్ చేసి, "పంపు దగ్గర ఏందో చప్పుడొచ్చి బందయింది భాయ్, నాకు తెల్వదు, జర రా," అన్నాడు. నాకు తెలుసు. పోకముందే తెలుసు. తాడు కట్టి తీసుకొచ్చి, పంపు విప్పి చేతిలో పట్టుకుంటే వేళ్లకు వెండి రంగు రజను అంటుకుంది. అదే. అచ్చం అదే.

కొత్త పంపు వేయించే స్తోమత అతనికి లేదు. కర్నూలు నుంచి బాగు చేసిన పాత పంపు తెచ్చి వేశాను. నా కూలి తీసుకోలేదు. ఒక్క రూపాయి తీసుకోలేదు. చూడండి, ఇక్కడే నేను ఇంకా పెద్ద తప్పు చేశాను. ఎందుకంటే ఆ రోజు నుంచి ఊరూరా నా పేరు చెప్పుకున్నారు. భాయ్ పైసా తీసుకోకుండా చేసి ఇచ్చాడని. మరియమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని నాకు దండం పెట్టింది. పెట్టించుకున్నాను. తల దించుకుంటే అది కూడా నా వినయమే అనుకున్నారు.

ఆ పాత పంపు ఎక్కువ రోజులు నిలవలేదు. సీజను మధ్యలో రెండుసార్లు ఆగిన బండిని ఎవరు పెట్టుకుంటారు? కూలీలను తోలే పని ఇంకొకరికి పోయింది. కిస్తులు ఆగాయి. నా షెడ్డులో ఉండగానే ఫైనాన్స్ వాళ్లు వచ్చి బండిని పట్టుకుపోయారు. తాళం నా దగ్గరే ఉంది, నేనే ఇచ్చాను. ఏసేపు ఆ పక్కనే నిలబడి, "పరేషాన్ కాకు భాయ్, నువ్వు చేసేది నువ్వు చేస్తివి," అన్నాడు. నాకే ధైర్యం చెప్పాడు.

ఆ తర్వాత అతను గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని మరియమ్మతో మళ్లీ పుణె పోయాడు. పోకూడదనుకున్న చోటికే. ఏడాదికి రెండుసార్లు వస్తాడు. వచ్చినప్పుడల్లా నా దగ్గరికి వస్తాడు. ప్రతిసారీ కొంచెం నల్లబడి, కొంచెం వంగి వస్తాడు. నా కోసం ఏదో ఒకటి తెస్తాడు, చొక్కా గుడ్డో, మిఠాయి డబ్బానో. "నువ్వు లేకుంటే మా బండి ఎప్పుడో పోతుండె," అంటాడు. నేను నవ్వుతాను. నవ్వడం వచ్చేసింది నాకు.

నమాజు తర్వాత చేతులెత్తి మాఫ్ చేయమని అల్లాను అడుగుతాను. అడుగుతూనే తెలుసు, అది తప్పు తలుపు. అల్లాకు చేసిన తప్పు అల్లా మాఫ్ చేస్తాడు, మనిషికి చేసింది మాత్రం ముందు ఆ మనిషే మాఫ్ చేయాలని మాకు చిన్నప్పటి నుంచి నేర్పుతారు. మరి పోయి చెప్పొచ్చు కదా? అతను పుణెలో ఉన్నాడు, ఫోన్లో చెప్పే మాట కాదు అనుకున్నాను. అతను ఊరికి వచ్చాడు, పండగ పూట ఎందుకు అనుకున్నాను. కట్టినా కంపెనీ వాళ్లు ఏదో ఒక వంక పెట్టేవాళ్లు కదా అనుకున్నాను. ఈ మాట నాకు చాలా ఏళ్లు తోడుంది. అదే నన్ను బతికించింది, అదే నన్ను తిన్నది.

మొన్న అతను పుణె నుంచి ఫోన్ చేశాడు. గొంతులో హుషారు. మళ్లీ కొంచెం డబ్బు వెనకేశాడట.

"నాగర్‌కర్నూల్‌ల ఒక పాత ట్రాలీ అమ్ముతుండ్రంట భాయ్. నువ్వు పోయి చూసి రా. నువ్వు బాగుందంటే ఇగ ఊరికొచ్చేస్త. మరియమ్మ గూడ గదే అంటుంది, భాయ్ చూడనిది వద్దని."

సరే అందామని నోరు తెరిచాను. సరే అనడం ఎంత తేలిక. మంచి బండి ఏరి ఇప్పిస్తే లెక్క సరిపోతుందనే ఆశ కూడా ఒక్క క్షణం పుట్టింది. అయితే ఆ 'భాయ్ చూడనిది వద్దు' అన్న మాట నన్ను సరే అననివ్వలేదు. చెప్పేశాను. ఎలా చెప్పానో సరిగా గుర్తు లేదు, ముందూ వెనకా లేకుండా చెప్పాను. ఆ పంపు పోతుందని నాకు ముందే తెలుసని. అదే రకం బండ్లు రెండు ఆ రోజు నా షెడ్డులోనే ఉన్నాయని. నువ్వు వస్తుంటే చూసి కప్పిపెట్టానని. వారంటీ కట్టి ఉంటే పంపు కంపెనీ వాళ్లే వేసేవాళ్లని.

అవతల కాంక్రీటు కలిపే మిషన్ తిరుగుతున్న చప్పుడు.

"జర పనిల ఉన్న భాయ్," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

మళ్లీ చేయలేదు. నేనూ చేయలేదు. ఒకటి సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ పూట నాకు అన్నం రుచి తెలిసింది. ఇంత తేలికవుతానని తెలిసి ఉంటే ముందే చెప్పేవాణ్ణా? ఏమో. అతని మీద ఒక బరువు పెట్టి నేను తేలికయ్యాను, అంతే కదా జరిగింది. ఇందులో నా గొప్పతనం ఏముంది?

నిన్న మధ్యాహ్నం మరియమ్మ షెడ్డుకు వచ్చింది. మోకాళ్ల నొప్పులని ఈ ఏడు ఆమె పుణె పోలేదు, ఊళ్లోనే క్రాసింగ్ కూలికి పోతోంది. పనికి పోయే బట్టలతోనే బస్సెక్కి వచ్చింది. కూర్చోమని స్టూలు జరిపాను. కూర్చోలేదు.

"మాయన చెప్పిండు," అంది. "గా దినం పైసలు నా కొంగుల్నే ఉండె భాయ్. కట్టుండ్రి అని నువ్వొక్క మాటంటే కట్టకపోదుమా?"

కంపెనీ వాళ్లు వంక పెట్టేవాళ్లన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ల తోడు కదా, పిలవకుండానే వస్తుంది.

"మీరు కట్టేటోళ్లే," అన్నాను.

"మరెందుకు చెప్పకపోతివి?"

"బండి నా షెడ్డుకు రావాలని."

ఈ మాట ఫోన్లో ఏసేపుకు కూడా చెప్పలేదు. తెలుసు, కప్పిపెట్టాను, అని చెప్పాను గానీ ఎందుకో చెప్పలేదు. పైకి అంటే ఎంత చిన్న మాట. నాలుగు ముక్కలు. దీని కోసమా అన్నట్టు ఆమె షెడ్డంతా ఒకసారి కలియజూసింది. రేకులు, నల్లటి నేల, మూత పడిన ఆ పక్క షట్టర్. తిట్టలేదు. ఏడవలేదు. పమిట సర్దుకుని బస్టాండు వైపు నడిచింది, నొప్పి ఉన్న కాలు కొంచెం ఈడుస్తూ.

వెనకాల పోయి మాఫ్ చేయమని అడగవచ్చు. అడగలేదు. ఆమె మంచి మనిషి, అడిగితే చేసేస్తుంది. అందుకే అడగలేదు.